ఆకాశంలో వింత వెలుగు కనిపిస్తే: "భవిష్యత్తు నుంచి వచ్చిన మనుషులే" అనే ముందు ఏం చేయాలి?

మారతహళ్ళి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల మేడల మీద నుంచి తీసిన వీడియోలు నాకు తరచూ వస్తుంటాయి. వాటి కింద దాదాపు ఒకటే ప్రశ్న. "అన్నా, ఈ యూఎఫ్ఓలు వేరే గ్రహం వాళ్ళవి కావట, భవిష్యత్తు నుంచి వెనక్కి వచ్చిన మన మనుషులవేనట. నిజమేనా?" ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే బదులు, నేను చూసే పద్ధతి మొత్తం ఇక్కడ పెడుతున్నాను. బెంగళూరు ఆకాశాన్ని దృష్టిలో పెట్టుకుని రాశాను. చెన్నైలో ఉన్నవాళ్ళకూ చాలావరకు పనికొస్తుంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ పద్ధతితో "భవిష్యత్తు మనుషులు" అనే వాదన అబద్ధమని తేలదు. మీరు చూసినదాన్ని వివరించడానికి ఆ వాదనతో పని ఉందా లేదా అన్నదే తేలుతుంది.

కావలసినవి

- ఫోన్. అందులో దిక్సూచి, స్టెల్లేరియం (గ్రహాలు, నక్షత్రాల కోసం), ఫ్లైట్‌రాడార్24 (విమానాల కోసం).
- హెవెన్స్ అబవ్ అనే వెబ్‌సైట్. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం, ఉపగ్రహాలు మీ ఏరియా మీదుగా ఎప్పుడు వెళ్తాయో చెబుతుంది. ముందుగా మీ లొకేషన్ సెట్ చేసుకోండి.
- కాగితం, పెన్ను. ఫోన్ నోట్స్ కూడా సరే.
- నగరంలో ఇంకో మూల ఉండే స్నేహితుడు ఒకడు. ఇతని అవసరం 4వ మెట్టులో వస్తుంది.
- మేడ తాళం. పీజీ ఓనర్‌ని బతిమాలుకోవడం మీ పని.

1. ఎవరితోనూ మాట్లాడకముందే రాయండి

చూసిన ఐదు నిమిషాల్లో ఇవి రాసేయాలి: గంటలు నిమిషాలతో సమయం, ఏ దిక్కు, ఎంత ఎత్తు, ఎంతసేపు కనిపించింది, రంగు, మిణుకుమందా లేదా, చప్పుడు ఉందా, ఎటు నుంచి ఎటు కదిలింది, చివరికి ఎలా పోయింది.

ఎత్తును కొలవడం తేలిక. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. చిటికెన వేలు 1 డిగ్రీ. నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ పోతే "మూడు పిడికిళ్ళ ఎత్తు" అని రాయొచ్చు.

"బస్సంత ఉంది" అని మాత్రం రాయకండి. దూరం తెలియకుండా సైజు చెప్పడం ఎవరి వల్లా కాదు. పున్నమి చందమామ కూడా చాచిన చేతి చిటికెన వేలిలో సగమే ఉంటుంది. నమ్మకపోతే ఈ పున్నమికి చూడండి.

నలుగురు కలిసి చూస్తే నలుగురూ విడివిడిగా రాయాలి. ముందు మాట్లాడుకుని తర్వాత రాస్తే, గట్టిగా చెప్పినవాడి మాటే నాలుగు కాగితాల్లోనూ వస్తుంది.

జాగ్రత్త: పైకి చూస్తూ వెనక్కి అడుగులు వేయకండి. పీజీల మేడల మీద పిట్టగోడ మోకాలి ఎత్తుకు మించదు. బట్టల తీగలు, డిష్ కేబుళ్ళు ఎక్కడ తగులుకుంటాయో చీకట్లో తెలియదు.

2. వీడియో తీసే పద్ధతి

జూమ్ చేయకండి. ఫోన్‌లో డిజిటల్ జూమ్ చేస్తే ఫోకస్ తప్పి, చుక్కంత వెలుగు గుండ్రటి పళ్ళెంలా ఉబ్బుతుంది. "పళ్ళెం ఆకారంలో ఉంది, అంచులు కూడా కనిపిస్తున్నాయి" అంటూ వచ్చే వీడియోల్లో చాలావాటి సంగతి ఇదే. ఫ్రేములో వాటర్ ట్యాంకు అంచో, కరెంటు స్తంభమో కదలనిది ఒకటి ఉండేలా చూసుకోండి. ఫోన్‌ని గోడకు ఆనించండి. వెలుగు పోయాక కూడా అర నిమిషం రికార్డింగ్ ఆపకండి.

కదలని వస్తువు ఎందుకంటే, చీకట్లో ఒంటరి చుక్కను కాసేపు రెప్పవాల్చకుండా చూస్తే అది కదులుతున్నట్టే అనిపిస్తుంది. కన్ను చేసే మోసం ఇది, అందరికీ జరుగుతుంది. ట్యాంకు అంచుకు సరిగ్గా ఆనేలా నిలబడి చూస్తే నిజంగా కదులుతోందో లేదో నిమిషంలో తెలుస్తుంది.

ఫోన్‌లో ఆకుపచ్చ చుక్కలు కనిపించి, కంటికి కనిపించకపోతే అది లెన్స్ ఫ్లేర్, అంటే దగ్గరి దీపం వెలుగు లెన్స్ లోపల ప్రతిఫలించి ఏర్పడే చుక్క. ఈ మధ్య చూసిన ఒక వీడియోలో కింద ఎడమ మూల వీధి దీపం, పైన కుడివైపు ఎగురుతున్న ఆకుపచ్చ వెలుగు. వీడియో ఆపి, ఫ్రేము మధ్యలో గుర్తు పెట్టి, దీపం నుంచి ఆ గుర్తు మీదుగా గీత గీస్తే అవతల కొసన ఆకుపచ్చ వెలుగు ఉంది. మధ్య నుంచి దూరం కూడా రెండువైపులా ఒకటే. ఫ్రేములో దీపం కుడికి జరిగితే అది ఎడమకు జరిగింది. ఇలాంటివాటితో టైమ్ పాడుచేసుకోకండి.

వేరేవాళ్ళు తీసిన వీడియో అయితే అసలు ఫైలే అడగండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే తీసిన సమయం, చోటు లాంటి వివరాలు పోతాయి. "డాక్యుమెంట్‌గా పంపు" అనండి. "ఫ్రెండ్ ఫ్రెండ్ పంపాడన్నా" అంటే ఆ వీడియోని అక్కడితో వదిలేయండి.

3. తెలిసినవాటిని ఒక్కొక్కటిగా కొట్టేయండి

అసలు పనంతా ఇక్కడే. వరుస మార్చకండి.

*గ్రహాలు.* సాయంత్రం పడమర, తెల్లవారుజామున తూర్పున ధగధగలాడే తెల్లటి చుక్క చాలాసార్లు శుక్రుడే. శుక్రుడు సూర్యుడికి 47 డిగ్రీలకు మించి దూరం పోడు కాబట్టి, నడిరాత్రి నెత్తిమీద వెలుగు కనిపిస్తే శుక్రుణ్ణి కొట్టేయొచ్చు. గురుడు కావచ్చు. పల్చటి మబ్బులు పరిగెడుతుంటే గ్రహమే పరిగెడుతున్నట్టు ఉంటుంది. స్టెల్లేరియంలో ఆ తేదీ, ఆ సమయం పెట్టి చూడండి.

*విమానాలు.* దేవనహళ్ళి విమానాశ్రయం రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. మనవైపు ముఖం పెట్టి దిగే విమానం ల్యాండింగ్ లైటు నిమిషాల తరబడి ఒకేచోట వేలాడుతున్నట్టు ఉండి, విమానం పక్కకు తిరగగానే ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఒకదాని వెనక ఒకటి వస్తుంటే ముత్యాల దండే. ఫ్లైట్‌రాడార్‌లో సమయాన్ని వెనక్కి తిప్పి చూడొచ్చు. ఉచితంగా కొద్దిరోజుల వెనక్కే వెళ్ళనిస్తుంది కాబట్టి ఆలస్యం చేయకండి.

జాగ్రత్త: యాప్‌లో లేదు కాబట్టి విమానం కాదు అనకండి. విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్, యెలహంక వైమానిక స్థావరం ఉన్న ఊరు ఇది. సైనిక విమానాలు ఆ యాప్‌లో కనిపించాలని లేదు. 2020 మే 20న మధ్యాహ్నం బెంగళూరంతా ఒక పెద్ద శబ్దానికి ఉలిక్కిపడింది. భూకంపమని కొందరు, ఏలియన్లని కొందరు. నగరం బయట వైమానిక దళం చేసిన సూపర్‌సానిక్ టెస్ట్ ఫ్లైట్ అది అని ఆ రోజే రక్షణ శాఖ చెప్పింది.

*అంతరిక్ష కేంద్రం.* భవిష్యత్తు మనుషుల వాదనకు ఎక్కువ సరుకు అందించేది ఇదే. మిణుకుమనదు, చప్పుడు ఉండదు, శుక్రుడితో పోటీపడే వెలుగు, నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటేస్తుంది. సాయంత్రం పూట పడమర నుంచి వస్తూ తూర్పు సగంలో, మబ్బు ఏమీ లేనిచోట, కళ్ళముందే మాయమవుతుంది. "వెళ్ళిపోలేదన్నా, మాయమైంది. కాలంలోకి దూకింది" అని రాసేవాళ్ళు చూసింది చాలాసార్లు ఇదే. అది 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది, సొంత వెలుగు కాదు, సూర్యుడి వెలుగే దాని మీద పడి మనకు కనిపిస్తుంది. భూమి నీడలోకి వెళ్ళగానే ఆరిపోతుంది. హెవెన్స్ అబవ్‌లో ఆ నీడలోకి వెళ్ళే క్షణం సెకన్లతో సహా ఉంటుంది. మీ కాగితంలోని సమయంతో పోల్చండి.

*స్టార్‌లింక్.* ఇవి ఇంటర్నెట్ ఉపగ్రహాలు. 2019 మే నుంచి గుంపులుగా వదులుతున్నారు. వదిలిన కొత్తలో రైలు పెట్టెల్లా వరుసగా పోతాయి. ఇదీ అదే వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

*మిగతావి.* పెళ్ళి రిసెప్షన్లలో వదిలే కాగితపు లాంతర్లు (గాలివాటుకే పోతాయి), డ్రోన్లు, మంచులో భవనం కనిపించక క్రేన్ మీద ఎర్ర దీపం ఒక్కటే తేలడం. చెన్నైవాళ్ళు శ్రీహరికోట ప్రయోగాల తేదీలు ముందు చూసుకోవాలి. తెలంగాణలోని ఊరి నుంచి అమ్మో, బాబాయో ఫోన్ చేసి "చేలో ఏదో పడింది, రంగు గుడ్డ, పెట్టె ఉన్నాయి" అంటే, హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థ నుంచి పరిశోధన బెలూన్లు వదులుతారని చెప్పండి. 30 కిలోమీటర్లకు పైన తిరిగి, పరికరాలు పారాచూట్‌తో దిగుతాయి. ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి.

4. ఇద్దరు చూస్తే దూరం తెలుస్తుంది

ఈ మెట్టును దాదాపు అందరూ వదిలేస్తారు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. వైట్‌ఫీల్డ్‌లో మీరు, ఎలక్ట్రానిక్ సిటీలో మీ స్నేహితుడు. మధ్య దూరం తిన్నగా పదిహేను కిలోమీటర్ల పైమాటే. వెలుగు కనిపించగానే ఫోన్ చేసి, ఇద్దరూ అదే క్షణంలో అది ఏ నక్షత్రం పక్కన ఉందో చూసుకోండి.

ఇద్దరికీ తేడా లేకుండా ఒకేచోట ఉంటే అది గ్రహమో నక్షత్రమో. రెండు మూడు వేళ్ళ తేడా ఉంటే అంతరిక్ష కేంద్రం ఎత్తులో ఉన్నది. తేడా చాలా పిడికిళ్ళు ఉంటే విమానమంత దగ్గరిది. అవతలివాడికి అసలు కనిపించకపోతే మీ ఏరియాలోనిదే, డ్రోనో లాంతరో. దూరం తెలిశాక సైజు, వేగం లెక్క కట్టొచ్చు. "గంటకు లక్ష కిలోమీటర్ల వేగం" లాంటి మాటల్లో సగం ఇక్కడే రాలిపోతాయి.

స్నేహితుడు దొరకకపోతే, మర్నాడు అదే సమయానికి అదే చోట నిలబడండి. మళ్ళీ అక్కడే ఉంటే నక్షత్రమో గ్రహమో టవర్ దీపమో. నక్షత్రం అయితే నిన్నటి చోటికి 4 నిమిషాలు ముందే వస్తుంది.

5. ఇంకా మిగిలితే "తెలియలేదు" అని రాసి ఆపండి

ఆపడమే కష్టం, నాకు తెలుసు. యూఎఫ్ఓల మీద విచారణకు అమెరికా వైమానిక దళం 1952 నుంచి 1969 దాకా నడిపిన ప్రాజెక్ట్ బ్లూ బుక్‌లో 12,618 కేసులు నమోదైతే, 701 తేలకుండా మిగిలాయి. 2021 జూన్‌లో అక్కడి నిఘా విభాగం 144 కేసుల మీద నివేదిక ఇచ్చి, గట్టిగా తేల్చింది ఒక్కటే. అది గాలి పోతున్న పెద్ద బెలూన్. వీటిని చూపించి "అదిగో, ప్రభుత్వమే ఒప్పుకుంది" అంటారు. ఒప్పుకున్నది తేల్చడానికి సమాచారం చాలలేదని. సమాచారం లేని కేసు ఏ వాదనకూ సాక్ష్యం కాదు, మీ వాదనకైనా నా వాదనకైనా.

6. ఇప్పుడు "భవిష్యత్తు మనుషులు" వాదనను పరీక్షించండి

మూడు ప్రశ్నలు వేయాలి. మొదటి రెండింటితో పని త్వరగా అయిపోతుంది.

*కుదురుతుందా?* కాలంలో ముందుకు పోవడం కుదురుతుంది, జరుగుతోంది కూడా. అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలు ఉన్నవాళ్ళ వయసు మనకంటే సుమారు సెకనులో రెండు వందలో ఒక వంతు తక్కువ పెరుగుతుంది. జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, వాటిని సరిచేస్తేనే మీ మ్యాప్ పనిచేస్తుంది. వెనక్కి రావడమే చిక్కు. 1949లో గణితవేత్త గోడెల్, 1988లో భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్ బృందం లెక్కల్లో దారులు చూపించారు. ఒకదానికి విశ్వమంతా గిర్రున తిరుగుతుండాలి, ఇంకోదానికి ఎవరూ పోగుచేయలేనంత రుణశక్తి (నెగటివ్ ఎనర్జీ) కావాలి. భాగవతంలో రైవతుడు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్ళి, అక్కడ పాట అయ్యేదాకా ఆగితే, కింద 27 చతుర్యుగాలు గడిచిపోయాయి. తన కాలంలోకి తిరిగి రాలేక, బలరాముడికిచ్చి పెళ్ళి చేశాడు. మన కథలోనూ ఆయన ప్రయాణం ముందుకే.

*పోలికలు సరిపోతాయా?* మోంటానా టెక్‌లో మానవశాస్త్రం చెప్పే మైకేల్ మాస్టర్స్ 2019 నుంచి ఈ వాదనను గట్టిగా వినిపిస్తున్నారు. చూశామన్నవాళ్ళు చెప్పే రూపాలకు రెండు కాళ్ళ నడక, పెద్ద తల, చిన్న ముఖం. మన పరిణామం ఇలాగే సాగితే మనమే అలా అవుతామని ఆయన మాట. వాదన చదవడానికి బాగుంటుంది. ఇబ్బంది ఏమిటంటే, ఆ రూపాలు కాలాన్నిబట్టి మారిపోయాయి. 1896–97లో అమెరికావాళ్ళు ఫ్యాన్లున్న గాలి ఓడలు చూశారు. 1952లో ఆడమ్‌స్కీ చూశానన్నది పొడుగు జుట్టు అందగాణ్ణి, అదీ శుక్రగ్రహం నుంచి. బూడిద రంగు శరీరం, పెద్ద కళ్ళ రూపం జనంలో పాకింది ఏలియన్లు తమను ఎత్తుకుపోయారన్న 1961 నాటి హిల్ దంపతుల కథ, 1975లో దాని మీద వచ్చిన టీవీ సినిమా తర్వాత. వచ్చినవాళ్ళు నిజంగా ఒకే జాతి అయితే చూసేవాళ్ళ కాలాన్నిబట్టి వేషం మార్చనక్కర్లేదు.

*అప్పటికి ఎవరికీ తెలియని సమాచారం ఇచ్చారా?* నా దృష్టిలో ఇదొక్కటే పనికొచ్చే పరీక్ష. రెండు ఉదాహరణలు చూడండి.

ఇంగ్లాండ్‌లోని రెండెల్‌షమ్ అడవిలో 1980 డిసెంబరు చివర అమెరికా సైనికులు వెలుగులు చూశారు. ఆ రాత్రి ఆకాశంలో ఉల్క కనిపించింది, అడవి అవతల 5 సెకన్లకోసారి వెలిగే లైట్‌హౌస్ ఉంది. అది అలా ఉంచండి. వారిలో ఒకరైన జిమ్ పెనిస్టన్ 1994లో హిప్నాసిస్ చేయించుకున్నాక, వచ్చింది భవిష్యత్తు మనుషులని చెప్పారు. 2010లో తన నోటుబుక్ నుంచి సున్నాలు, ఒకట్ల పేజీలు బయటపెట్టారు. విప్పితే ఇంగ్లీషు మాటలు, కొన్ని చోట్ల అక్షాంశ రేఖాంశాలు, 8100 సంవత్సరం. బెంగళూరులో సగంమందికి వచ్చే ప్రశ్నే ఇక్కడ అడగాలి: ఏ ఎన్‌కోడింగ్? ఆస్కీ. ఏ అక్షరానికి ఏ అంకె అని 1963లో అమెరికన్లు పెట్టుకున్న పట్టిక. ఆరువేల ఏళ్ళ తర్వాతివాళ్ళు కూడా ఇంగ్లీషును ఆస్కీలోనే పంపారన్నమాట. పైగా ఆ సంఘటన జరిగిన కొత్తలో ఆయన ఇచ్చిన వాంగ్మూలంలో ఈ అంకెల ఊసు లేదు.

రెండోది జాన్ టైటర్. 2000–2001లో ఇంటర్నెట్‌లో ఈ పేరుతో రాసిన వ్యక్తి, 2036 నుంచి ఐబీఎం 5100 కంప్యూటర్ కోసం వచ్చానన్నాడు. 2004 తర్వాత ఒలింపిక్స్ జరగవన్నాడు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ మనమంతా టీవీలో చూశాం. తేదీతో చెప్పాడు కాబట్టి తప్పని తేలింది, ఆ మేరకు మెచ్చుకోవాలి.

రెండువైపులా గెలిచే వాదన ఎదురైతే అక్కడే ఆగండి. స్టీఫెన్ హాకింగ్ 2009 జూన్ 28న కాలయాత్రికులకు విందు ఏర్పాటు చేసి, విందు అయిపోయాకే ఆహ్వానాలు పంపారు. ఎవరూ రాలేదు. "వాళ్ళు దాక్కుంటారు కదా" అంటారు. వస్తే సాక్ష్యం, రాకపోయినా సాక్ష్యం అనేవాడితో పందెం కాయలేం.

7. ఎవరైనా "నాకు సందేశం వచ్చింది" అంటే

ఎగతాళి చేయకండి. ఇలా చేయండి.

1. జరగబోయేది ఏమిటో, ఎక్కడో, ఏ తేదీలోపో ఒక్క వాక్యంలో రాయించండి. "పెద్ద ప్రమాదం జరుగుతుంది" చెల్లదు. జరిగాక "బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు" అని అతికించే అలవాటు మనకు బాగా ఉంది, అందుకే ముందే రాయించాలి.
2. ఏం జరిగితే తప్పయినట్టో కూడా రాయించండి.
3. ఆ ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలులో ఉన్నదాన్నిబట్టి కంప్యూటర్ లెక్కకట్టే వేలిముద్ర లాంటి కోడ్) తీసి, ఆ హ్యాష్‌ను నలుగురికి మెయిల్ చేయండి. ఫైలులో ఒక్క అక్షరం మార్చినా హ్యాష్ మారిపోతుంది, కానీ హ్యాష్ చూసి లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు. సాఫ్ట్‌వేర్ రానివాళ్ళు సంతకం చేసిన కవరు సీలు వేసి మధ్యవర్తికి ఇవ్వొచ్చు.
4. తేదీ వచ్చాక అందరి ముందూ విప్పండి.

అడగదలిస్తే మరీ పెద్దవి అక్కర్లేదు. వచ్చే వారం మీ వీధిలో కరెంటు ఏ నిమిషానికి పోతుందో చెప్పినా చాలు, నేను వచ్చి కూర్చుంటాను.

నిద్రలో మెలకువ వచ్చి, ఒళ్ళు కదలక, గదిలో ఎవరో నిలబడ్డట్టు, గుండె మీద కూర్చున్నట్టు అనిపించిందని రాసేవాళ్ళూ ఉన్నారు. ఇది నిద్ర పక్షవాతం. నైట్ షిఫ్టులు, నిద్రలేమి ఉన్నవాళ్ళలో ఎక్కువ. ఊళ్ళో దెయ్యం అనేవాళ్ళు, ఇప్పుడు ఏలియన్ అంటున్నారు. మళ్ళీ మళ్ళీ వస్తుంటే నిద్ర సమస్యలు చూసే డాక్టర్‌కి చూపించండి. "మర్చిపోయింది గుర్తు చేస్తాం" అనే హిప్నాసిస్‌కి మాత్రం వెళ్ళకండి. జరగనిది కూడా జరిగినట్టు గట్టిగా గుర్తుండిపోయే ప్రమాదం ఉంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

- ఏఎం, పీఎం తప్పు రాయడం. హెవెన్స్ అబవ్‌లో లొకేషన్ మార్చకపోవడం. ఈ రెండింటితోనే చాలా "తేలని" కేసులు తేలుతున్నాయి.
- ముందు పేరు పెట్టి తర్వాత చూడటం. "క్రాఫ్ట్" అని రాయకండి, "వెలుగు" అని రాయండి.
- ఒక యాప్‌లో దొరకకపోతే వెతకడం ఆపేయడం.
- వీడియోకి మ్యూజిక్ పెట్టడం. చప్పుడు ఉందో లేదో తెలుసుకునే దారి అక్కడితో పోతుంది.

మీ జవాబు సరైనదో కాదో చూసుకోవడం

"అంతరిక్ష కేంద్రం" అని తేల్చారనుకోండి. సమయం, దిక్కు, ఎత్తు, కదిలిన దారి నాలుగూ కలవాలి. మూడు కలిసి ఒకటి కలవకపోతే ఇంకా వెతకాలి, బలవంతంగా అతికించకండి. ఆ తర్వాత అది మళ్ళీ వచ్చే రోజు చూసుకుని, అదే ఫోన్‌తో, అదే చోటు నుంచి ఇంకో వీడియో తీసి రెండూ పక్కపక్కన పెట్టండి. ఒకేలా ఉంటే కేసు మూసేయొచ్చు.

ఇవన్నీ చేశాక కూడా మిగిలిందంటే నాకు పంపండి, లేదా హై గ్రౌండ్స్‌లోని నెహ్రూ ప్లానెటేరియంలో అడగండి. పంపేటప్పుడు కత్తిరించని అసలు ఫైలు, మీరు మొదట రాసిన కాగితం ఫోటో, ఇద్దరు చూస్తే రెండు కాగితాలూ ఉండాలి. కాగితంలో కొట్టివేతలు ఉంటే ఉండనివ్వండి, నీటుగా మళ్ళీ రాసి పంపకండి.